గంప బొమ్మ

తెరల మీద అక్షరాలు పోయి పదేళ్లయింది. పొయ్యికైనా బోరుకైనా నొక్కడానికి బొమ్మలే. కొత్త బొమ్మ ఏది రావాలన్నా ముందు కొమురవ్వలాంటి వాళ్లకు అర్థం కావాలి. ఆమె తల అడ్డంగా ఊపిందంటే ఆ బొమ్మ పని అయిపోయినట్టే.

"పాత బొమ్మల గురించి మిమ్మల్ని ఎన్నడూ అడగలేదట. ఇప్పుడు అడగమన్నరవ్వా" అంటూ కంపెనీ పిల్ల నిహారిక తెర మీద గంపను చూపించింది.

"గిదా? దాసిపెట్టుడు" అంది కొమురవ్వ తడుముకోకుండా.

నిహారిక నవ్వింది. "కాదవ్వా, పారేసుడు. అండ్ల వేసినవి నెలకు వాటంతటవే పోతయి."

కొమురవ్వ ముఖంలో కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు. "మక్కలు గంపలనే పోస్తం, కోడిని గంప కిందనే కమ్ముతం. సచ్చిపోయిన మా ఆయన మాటలన్నీ ఫోన్ల ఏరేరి అండ్లనే ఏసిన బిడ్డా. సంవత్సరీకం నాడు అందరికీ వినిపిద్దామని."

నిహారిక గబగబా ఆమె ఫోను అందుకుని గంప తెరిచింది. పోయిన వారం వేసిన మాట ఒక్కటే మిగిలింది. దాన్ని నొక్కింది.

"ఏమే, బర్రెకు కుడితి పెట్టినవా?"

"పెట్టిన" అంది కొమురవ్వ, మనిషి ఎదురుగా ఉన్నట్టే.

కాసేపటికి నిహారిక తన తెర మీది గంపను కొట్టేసింది. "మరి పారేసుడుకు ఏ బొమ్మ పెట్టమంటవవ్వా?"

"పొల్లు చెరిగే చాట పెట్టు. చాటల ఎవ్వరూ ఏదీ దాసుకోరు." కొమురవ్వ నిహారిక చేతిలోని తన ఫోను వైపు వేలు చూపింది. "గదంతా తర్వాత. ముందుగాల గా మాటను గంపలకెల్లి బయటికి తియ్యి."