ఇంటి మనుషులు

"తాడు లోపలికి పోయింది, పైకి తియ్యి," అన్నాడు భర్త గొంతు తగ్గించి.

ఇల్లాలు మెడలోని నల్లతాడు బయటికి లాగింది. దానికి వేలాడే రాగిబిళ్ళ గుండెల మీద పడి చల్లగా తగిలింది. పొద్దుటి నుంచీ మెడంతా ఒకటే దురద.

వీధి చివర కారు ఆగిన చప్పుడైంది. మతం పేరుతో ఎవరినైనా వేధిస్తున్నారా, తరిమేస్తున్నారా అని దేశదేశాలూ తిరిగి చూసే అంతర్జాతీయ బృందం ఈ మధ్యాహ్నం వాళ్ళ వీధికి వస్తోంది. వాళ్ళొస్తున్నారని తెలిసినప్పటి నుంచీ సర్కారు ఆఫీసరు రోజూ వచ్చి చిన్నపిల్లలకి పాఠం చెప్పినట్టు చెప్పి వెళ్ళాడు. ఏమడిగినా ఇబ్బంది లేదనాలి. అందరం అన్నదమ్ముల్లా ఉంటున్నాం అనాలి. అంతకుమించి ఒక్క ముక్క మాట్లాడినా, ఆ తర్వాత జరిగేదానికి తన పూచీ లేదన్నాడు.

"నా నోరు ఎండిపోతోందండీ."

"కాసేపు ఓర్చుకో. వాళ్ళే వెళ్ళిపోతారు."

తీరా ఆ బృందంలోంచి వచ్చింది ఒక్కావిడే. నడివయసు మనిషి. పొట్టిగా కత్తిరించిన జుట్టు, మెడలో గుర్తింపు కార్డు. వెనకాల దుబాసీ, ఆ వెనక ఆఫీసరు. ఆవిడకి ఇక్కడి భాష ఒక్క ముక్క రాదని ఆఫీసరు ముందే చెప్పాడు.

ఆవిడ తలవంచి గుమ్మం దాటింది. ఇంటికి నమస్కారం పెడుతోంది కాబోలు అనుకుంది ఇల్లాలు. మరుక్షణం దుబాసీ నుదురు ద్వారబంధం పైకమ్మికి ఠంగుమని తగిలింది.

"అబ్బా!"

"పొట్టి గుమ్మమండీ. మా అందరికీ బొప్పి కట్టిందే," అన్నాడు భర్త నవ్వు పులుముకుని. ఆఫీసరు ఉరిమి చూశాడు.

ఆవిడ కూర్చుని, ఇల్లాలు ఇచ్చిన మంచినీళ్ళ గ్లాసు అందుకుని ఏదో అడిగింది.

"ఈ ఇంట్లో ఎన్నాళ్ళుగా ఉంటున్నారని," అన్నాడు దుబాసీ నుదురు రుద్దుకుంటూ.

"మా మామగారి తాత కట్టించిన ఇల్లండీ. నేను కాపురానికొచ్చింది ఇక్కడికే," అంది ఇల్లాలు, పాఠం అప్పజెప్పినట్టు.

ఆవిడ రెప్ప వెయ్యకుండా చూసింది. చేతిలో కలం లేదు, కాగితం లేదు. చూపు మాత్రం ఇల్లాలి మీంచి జారి, గోడలంతా నెమ్మదిగా పాకింది. అక్కడ ఎవరో నిలబడి ఉన్నట్టు, వాళ్ళని పలకరిస్తున్నట్టు.

"పక్క ఇళ్ళన్నిటికీ తాళాలున్నాయేమని అడుగుతున్నారు."

"పనుల మీద ఊళ్ళకెళ్ళారండీ."

"మళ్ళీ వస్తారా?"

"ఎందుకు రారండీ? వాళ్ళ ఇళ్ళే కదా!"

ఆఫీసరు మెచ్చుకోలుగా తలాడించాడు.

అంతదాకా గోడవైపు తిరిగి పడుకున్న అత్తగారు మంచం మీద లేచి కూచుంది. "ఎవరే వచ్చింది? ఈ ఇంటివాళ్ళు తిరిగొచ్చారా?"

ఇల్లాలు గబగబా మంచం దగ్గరికి వెళ్ళింది. "కాదత్తయ్యా. ఊరికే చూడ్డానికొచ్చారు. మీరు పడుకోండి."

"ఎలా పడుకోనే? మనం వచ్చేసరికి పొయ్యి మీద అన్నం ఇంకా పొగలు కక్కుతోంది. అలాంటి కొంపలో దిగొద్దురా అంటే విన్నాడా వీడు? కళ్ళు మూస్తే చాలు, ఎవరో వచ్చి తలగడ సర్దుతున్నట్టుంటుంది నాకు."

పెద్దావిడ అన్ని మాటలంటే, దుబాసీ రెండే రెండు మాటల్లో తేల్చేసి, దీవిస్తున్నట్టు చెయ్యెత్తి చూపించాడు. వచ్చినావిడ సరేనన్నట్టు తల ఊపింది. చూపు మాత్రం వంటింటి వైపు మళ్ళింది.

నిరుడు ఆ వీధి వీధంతా ఒక్క పూటలో ఖాళీ అయింది. ఎవరు తరిమారో, పోయినవాళ్ళు ఎటు పోయారో ఎవరూ అడగలేదు. ఆఫీసరు తాళంచెవి చేతిలో పెట్టినప్పుడు, తలదాచుకునే చోటు దొరికిందన్న సంబరంలో ఇల్లాలూ అడగలేదు. ఇవాళ ఆ పోయినవాళ్ళ మతం బిళ్ళ మెడలో వేసుకుని, వాళ్ళ మనిషినేనని చెబుతోంది.

ఆవిడ చేతులు కడుక్కోవాలన్నట్టు సైగ చేసింది. ఇల్లాలు పెరట్లోకి తీసుకెళ్ళింది. ఆ పాత కుళాయి అన్ని కుళాయిల్లా తిరగదు, ఎదురువైపుకి తిప్పాలి. చూపిద్దామని ఇల్లాలు చెయ్యి చాచేలోపే నీళ్ళు ధారగా పడ్డాయి. ఇల్లాలు చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది.

లోపల మగవాళ్ళు దుబాసీ బొప్పి మీద జోకులేసుకుంటున్నారు. ఇక్కడ ఇద్దరే. ఈవిడకి భాష రాదు. చెప్పినా ఎవరికీ చేరదు. ఆ ధైర్యమే ఇల్లాలి నోరు తెరిపించింది.

"ఇది మా ఇల్లు కాదమ్మా," అంది నీళ్ళ చప్పుడు మాటున. "ఇందాక చెప్పిందంతా అబద్ధం. ఇక్కడ కాపురం చేసినావిడ ఎవరో, బతికుందో లేదో కూడా తెలీదు. ఆవిడ దుప్పట్లు, పళ్ళేలు ఏవీ నేను వాడలేదు. మూటగట్టి అటక మీద పెట్టాను. నిద్ర పట్టడం లేదమ్మా నాకు. ఎక్కడైనా కనబడితే ఆవిడతో చెప్పండి, వచ్చి తీసుకోమనండి."

చెప్పేసి, కొంగుతో కళ్ళొత్తుకుంది. గోడకి చెప్పుకున్నట్టే ఉంది, అయినా గుండె కొంచెం తేలికపడింది.

"అయిందా అమ్మా?" లోపల్నుంచి ఆఫీసరు కేకేశాడు.

వచ్చినావిడ కుళాయి కట్టేసింది. తడిచేత్తోనే ఇల్లాలి మెడలోని బిళ్ళ పట్టుకుని, తిరగబడి ఉంటే సరిచేసింది. తర్వాత వంగి, పరాయి యాస కూడా లేని ఇక్కడి మాటల్లో మెల్లగా అంది.

"మా అమ్మకి చెప్తాను."