జాబితాలో పేరు

"మళ్ళీ కొట్టమ్మా. వేలు జారిందేమో," అంది సుబ్బరావమ్మ.

సిద్దికా తన షాపులోని కంప్యూటరు నల్లటి తెర మీద వెతికే ఆజ్ఞ మళ్ళీ కొట్టింది. దాని పక్కన 'తెలుగు' అని ఇంగ్లీషు అక్షరాల్లో చేర్చి ఎంటర్ నొక్కింది. పదిహేను వేల ఉచిత సాఫ్ట్‌వేర్ల జాబితాలోంచి ఏడు వరుసలు వచ్చాయి. అయిదోది సుబ్బరావమ్మ కొడుకు బాలు తయారు చేసింది. తల్లి కళ్ళకు ఆనేలా తెలుగును పెద్దక్షరాల్లో చూపించే ప్రోగ్రాం.

దాని వివరాలు తెరిచింది. ఎవరు చూసుకుంటున్నారో రాసే చోట బాలు పేరు లేదు. చూసుకునేవారెవరూ లేరని ఉంది.

బయట మిర్చి బస్తాల లారీ వెళ్తే ఇద్దరికీ దగ్గొచ్చింది.

"ఈ మిషనుకి నాకంటే మతిమరుపే!" అంది సుబ్బరావమ్మ. ఎప్పట్లాగే ఆమె తెరకేసి కాక సిద్దికా మొహంకేసి చూస్తోంది. చిరిగిన అట్టను అన్నం మెతుకులతో అంటించుకున్న నోటుపుస్తకం ఒళ్ళో తెరిచే ఉంది. అందులో నెలనెలా రాసుకున్న వెర్షన్ నంబర్లు.

"ఆ పిల్ల మనింటికి కోడలేంట్రా?" అని ఆమె అన్న రోజే బాలు పర్చూరు వదిలి వెళ్ళాడు. రెండేళ్ళయింది. ఎక్కడున్నదీ తల్లికీ చెప్పలేదు, సిద్దికాకీ చెప్పలేదు. ప్రోగ్రాం సరిదిద్దినప్పుడల్లా అతని పేరు పక్కన నంబరు మాత్రం పెరిగేది. గుంటూరు నుంచి కొత్త జాబితా సీడీ వచ్చే ఒకటో తారీఖున, తను కాదన్న పిల్ల షాపుకే వచ్చి, ఆమె ఆ నంబరు రాసుకునేది. నంబరు పెరిగిందంటే కొడుకు బతికున్నట్టే.

ఆర్నెల్లుగా ఆ పేరునూ, ఆ నంబరునూ సిద్దికాయే రాస్తోంది. సీడీ రాగానే జాబితా ఫైలు తెరిచి, ఆమె వచ్చేలోపు మార్చి ఉంచేది. ఈసారి అన్న అయూబ్ పొద్దున్నే సీడీ ఎక్కించేశాడు. మార్చిందంతా చెరిగిపోయింది. ఆ సంగతి సిద్దికాకి ఇప్పుడే తెలిసింది.

"సీడీ పాడైనట్టుంది పెద్దమ్మా. రేపు రండి."

"అలాగే వస్తాలే. దానికంత కంగారెందుకు? చెమటలు పట్టాయి చూడు. అన్నం తిన్నావా?"

ఆ ఒక్క మాటకు సిద్దికా నిలవలేకపోయింది.

"రేపు కూడా రాదు పెద్దమ్మా. బాలు లేడు. ఆర్నెల్లయింది. ఆ పేరు నేనే రాస్తున్నాను."

సిద్దికా సొరుగులోంచి ఒక కవరు తీసి సుబ్బరావమ్మ ముందు పెట్టింది.

"ఒక పొద్దున షట్టరెత్తితే గడప లోపల పడుంది. కవరు మీద పేరూ లేదు, స్టాంపూ లేదు. లోపల ఉత్తరం మాత్రం మీకే రాశాడు, హైదరాబాదులో బాలుతోపాటు గదిలో ఉన్నాయన. బస్సు గుద్దిందట. మీకు ఎలా చెప్పాలో తెలీక నా షాపులో పడేసి పోయాడేమో. ఇద్దామని మూడుసార్లు మీ వీధి మొదలుదాకా వచ్చాను. కాళ్ళు రాలేదు. తిట్టండి పెద్దమ్మా, కొట్టండి. ఇన్నాళ్ళూ మిమ్మల్ని మోసం చేశాను."

బజ్జీలు కట్టిచ్చిన కాగితం ముక్కనైనా చదవందే పారేయని మనిషి, ఎవరూ నేర్పకుండానే అక్షరాలు నేర్చుకున్న మనిషి, కళ్ళజోడు పెట్టె తెరవలేదు. ఉత్తరం బయటికి తీయనూ లేదు. కవరు మూత మీద ఎండి గట్టిపడిన అన్నం మెతుకును బొటనవేలితో తడిమింది.

"వాణ్ణి నీకు కాకుండా చేసిన నోరమ్మా ఇది. మళ్ళీ దీంతోనే వాడు లేడన్న మాట నీకెట్టా చెప్పను?"

సిద్దికా అర్థం కానట్టు చూసింది.

"ఈ కవరు అంటించి నీ గడపలో వేసింది నేనే."