ఇంట్లో ఎంతమంది?

జనాభా లెక్కలకు వచ్చిన టీచరు కుర్చీలో కూర్చుని ఫారం తీసి ఒళ్లో పెట్టుకుంది. మేడమీది గదిలో అద్దెకుండే మెకానిక్కు ఎవరూ పిలవకుండానే దిగొచ్చి మెట్ల దగ్గర నిలబడ్డాడు. అతన్ని చూడగానే ఇంటాయనైన వెల్డరుకు ఒళ్లు మండింది.

మెకానిక్కు ఈ దేశంవాడు కాదు. లిఫ్టులు బాగుచేసే పనిమీద వచ్చాడు. మాట్లాడేది వచ్చీరాని భాష. అయినా ఆ ఇంట్లో అతని మాటకే విలువెక్కువ. కొళాయి కారితే అతనే, వెల్డరు కూతురు చిన్నదానికి లెక్కలు రాకపోతే అతనే. నిన్న కుక్క వెల్డరును చూసి మొరిగి, వెళ్లి మెకానిక్కు కాళ్ల దగ్గర పడుకుంది. చిన్నది అతన్ని బాబాయ్ అంటుంది. నాకు తమ్ముడెప్పుడు పుట్టాడే అని వెల్డరు అడిగితే, పుస్తకంలోంచి తలెత్తకుండా నవ్వింది.

మెకానిక్కు చొక్కాకు గుండీ ఒకటి కొత్తగా కుట్టి ఉంది. ఆ నీలం దారం తన భార్య కుట్టుమిషను సొరుగులోదేనని వెల్డరు ఇట్టే పోల్చాడు.

అదైనా సహించాడు. ఈ పొద్దున చక్కెర కోసం వంటింట్లో అరలన్నీ వెతికి ఓడిపోయాడు. మెకానిక్కు వచ్చి, కిటికీ పక్కనున్న పాత పాలపొడి డబ్బా తీసి అతని చేతిలో పెట్టాడు. కట్టుకున్నవాడికి తెలియని డబ్బా అద్దెకున్నవాడికెలా తెలుసు? వెల్డరు ఆ చక్కెర ముట్టుకోలేదు. పంతానికి టీ చప్పగానే తాగాడు.

పోనీ, మెకానిక్కు తప్పుగా చూసిన చూపు ఒక్కటి దొరికినా ఇంత బాధ ఉండేది కాదు. నాలుగు రోజులుగా కాపు కాసినా దొరకలేదు. వాడు మంచివాడు కావడమే అసలు కడుపుమంట.

"ఇంట్లో ఎంతమంది ఉంటారమ్మా?" టీచరు అడిగింది.

"ముగ్గురం," అంది వెల్డరు భార్య, మిషను తొక్కుతూనే.

వెల్డరుకు ప్రాణం లేచొచ్చింది. తను, ఆవిడ, చిన్నది. ఇక వెళ్లవయ్యా పైకి అన్నట్టు మెట్లవైపు చూసి, దర్జాగా కాలుమీద కాలు వేసుకున్నాడు.

ఆవిడ తన పేరు చెప్పింది. చిన్నదాని పేరు చెప్పింది. మూడోది మెకానిక్కు పేరు.

వెల్డరు కాలు కిందికి దిగింది. పరాయి దేశంవాణ్ణి మన లెక్కలో ఎలా కలుపుతారని టీచరు మీద విరుచుకుపడ్డాడు. ఇవాళ ఉండి రేపు పోయేవాడి తల కూడా లెక్కేసి మన బడులు, మన ఆసుపత్రులు కట్టుకోవాలా అన్నాడు. మెకానిక్కు జేబులోంచి తన కాగితాలు తీయబోతే, అవేం అక్కర్లేదని టీచరు చెయ్యి ఊపింది. ఆ వీధిలో ఆమెకిది ఎన్నో గొడవో, గొంతు మాత్రం పెంచలేదు.

"ఏ దేశంవాడని కాదండీ మేం అడిగేది. ఆర్నెల్లుగా ఈ ఇంట్లో ఉంటున్నాడా లేదా, అంతే. జబ్బు చేస్తే అతనూ మన ఆసుపత్రికే వెళ్లాలి కదా."

"ఇంటాయన్ని నేను చెబుతున్నాను. కొట్టేయండి."

"ఉంటున్న మనిషిని కొట్టేయడం నాకు కుదరదండీ."

మెకానిక్కు తల దించుకున్నాడు. చిన్నది వెళ్లి అతని పక్కన నిలబడి చెయ్యి పట్టుకుంది. అది చూశాక వెల్డరుకు పోట్లాడే ఓపిక పోయింది. ఏడుపొక్కటే తన్నుకొచ్చింది. తన ఇంటి కాగితం మీద తన పేరుంటే చాలనిపించింది.

"సరే, వాణ్ణీ ఉంచండి," అన్నాడు గొంతు తగ్గించి. "ముగ్గురు కాదు, నలుగురని దిద్దండి. అందరికంటే పైన నా పేరు రాయండి."

టీచరు కలం పట్టుకుని అతని భార్యవైపు చూసింది. ఆవిడ మిషను ఆపింది.

"ఆయన్ని రాయకండి టీచరుగారూ, ఐదేళ్లకోసారి సెలవు మీద చుట్టపుచూపుగా వస్తారు, ఆయన పనిచేసే దేశంలో పోయిన నెలే లెక్కల్లో రాసుకున్నారట, అక్కడ గది అద్దెకిచ్చినావిడ దగ్గరుండి మరీ రాయించిందట, పరాయివాడైనా మా ఇంటి మనిషే అని."