గోడ మీద గాట్లు

"గోడలు గీకమన్నాను గానీ, గాట్లు పెట్టమన్నానా?"

అల్లుడి అరుపుకు బాత్రూంలో పంపు బిగిస్తున్న ప్లంబరు చేతిలోని రెంచీ జారి పడింది.

పడకగది గుమ్మం దగ్గర్నుంచి బాత్రూం దాకా, నడవా పొడుగునా గోడ మీద చిన్న చిన్న గాట్లు. లెక్కపెడితే పదకొండు.

వాటి పక్కన అరచేయి గోడకు ఆనించి నిలబడి ఉన్నాడు లప్పం తాత. రంగులు వేసే ముందు గోడలు గీకడం, గుంటలు కనిపిస్తే లప్పంతో పూడ్చడం ఆయన పని. పొద్దున్నే రంగుల మేస్త్రీ ఆయన్ని బండి మీద తెచ్చి, నడవా దాకా నడిపించి, "గోడ సంగతి ఈయనకు వదిలేయండి సార్" అని వెళ్లిపోయాడు.

వదిలేయడం అల్లుడి జాతకంలోనే లేదు.

మూడు రోజుల్లో అత్తగారు ఆసుపత్రి నుంచి వస్తున్నారు. తుంటి ఎముకకు ఆపరేషన్. "ఇంకోసారి పడితే మళ్లీ లేవడం కష్టం" అని డాక్టరు మొహమాటం లేకుండా చెప్పేశాడు. భార్య అక్కడ తల్లి మంచం పక్కన, ఇల్లు ఇక్కడ ఇతని నెత్తిన. గడపలు తీయించాలి. బాత్రూంలో జారని పలకలు వేయించాలి. పట్టుకోవడానికి స్టీలు కమ్మీలు బిగించాలి. ఆపైన రంగులు. కాలుగాలిన పిల్లిలా గదులన్నీ తిరుగుతున్నాడే గానీ, ఒకచోట నిలబడి టీ తాగిన పాపాన పోలేదు.

దానికి తోడు ఈ తాత. రంగుల కార్డు చూపిస్తే దాని వంక తలైనా తిప్పకుండా "మీ ఇష్టం బాబూ" అన్నాడు. చీకటి నడవాలో లైటైనా వేసుకోకుండా పనిలో దిగాడు. పనంటే గీకుడు కాదు, గంటసేపు గోడను నిమరడం!

"ఇవి గాట్లు కాదు బాబూ, గుర్తులు" అన్నాడు తాత నెమ్మదిగా. "చెయ్యి పడీ పడీ ఇక్కడ గోడ నున్నబడిపోయింది. పెద్దావిడ నడిచేది ఈ చోట్ల ఆసరాతోనే. కమ్మీలు ఇక్కడ బిగించండి."

"కమ్మీలు ఎక్కడ బిగించాలో కంపెనీవాళ్ల పుస్తకంలో ఉంది. కొలతలతో సహా."

"ఆవిడ నడక ఆ పుస్తకానికేం తెలుసు?"

అల్లుడికి చిర్రెత్తుకొచ్చింది. తాత మాత్రం మరోసారి గోడ మీద అరచేయి తిప్పాడు.

"ఒక్క మాట అడుగుతాను, ఏమనుకోకండి. ఈ జిడ్డు మీద దుమ్ము పేరుకుంది. పడడానికి కొన్నాళ్ల ముందు నుంచే ఆవిడ గోడ పట్టుకోవడం మానేసినట్టున్నారు. ఎందుకని?"

ఎందుకో అల్లుడికి తెలుసు.

రెండు నెలల కిందట, పై ఆఫీసరు భోజనానికి వస్తున్నాడని, నవ్వుతూనే అన్నాడు అతను. "అత్తయ్యా, కాస్త గోడలు పట్టుకోకుండా నడవండి. మరకలు పడి అసహ్యంగా ఉంటోంది."

"అలాగే బాబూ" అన్నారు ఆవిడ, అంతే.

తేలు కుట్టిన దొంగలా ఒక్క క్షణం నిలబడిపోయాడు అల్లుడు. తర్వాత ఆ మంటంతా తాత మీద చూపించాడు. పెద్దాయనని కూడా చూడకుండా నువ్వు అనేశాడు.

"నీ పని గోడలు గీకడం, ఆరాలు తీయడం కాదు. ఇక వెళ్లు."

తాత గోడ వెంబడే బయటికి నడిచి, మేస్త్రీ వచ్చి ఎక్కించుకుపోయేదాకా గేటు పక్కన కూర్చున్నాడు. అలిగాడు కాబోలు అనుకున్నాడు అల్లుడు. అతనికి ఇంట్లో కాలు నిలవలేదు.

మర్నాడు వేరే మనిషి వచ్చి గాట్లు పూడ్చేశాడు. మూడో రోజుకల్లా గోడలు తళతళలాడాయి. కమ్మీలు పుస్తకంలో చెప్పిన చోటే, అంగుళం తేడా లేకుండా కూర్చున్నాయి.

అత్తగారు వచ్చారు.

కూతురు మందులు సర్దుతుండగా ఆవిడ కర్ర పట్టుకుని బాత్రూంకు లేచారు. అల్లుడు వెనకే నడిచాడు.

కమ్మీ ఒక పక్కనుంది. ఆవిడ చెయ్యి ఇంకో పక్కకు లేచింది. లేచి, గోడకు అంగుళం దూరంలో ఆగిపోయింది.

"పట్టుకోండి అత్తయ్యా!"

"వద్దులే బాబూ. కొత్త రంగు, మాసిపోతుంది."

అంటుండగానే కాలు తూలింది. తలుపు వెనక గోడ మీద చెయ్యి పడి, నున్నటి రంగు మీద జారింది. అల్లుడు రెండు చేతులా ఆవిడను పట్టేసుకున్నాడు.

ఇద్దరూ రొప్పుతూ నిలబడ్డారు. ఆ చెయ్యి పడిన చోట, తలుపు చాటున, లప్పం అందని గాటు ఒకటి మిగిలిపోయి ఉంది. కమ్మీ అక్కడికి మూరెడు దూరం.

"మాసిపోతే పోనీండి అత్తయ్యా. తప్పు నాది" అన్నాడు. "ఇదివరకు ఎక్కడెక్కడ పట్టుకునేవారో చెప్పండి."

"ఏమో బాబూ. చెయ్యి దానంతటదే పోయేది."

మేస్త్రీని అడిగి తాత నంబరుకు ఫోన్ చేశాడు. ఆయన కూతురు ఎత్తింది.

"నాన్న పని మానేశారండీ. మీ ఇంటి నుంచి వచ్చిన రోజే. 'నా చెయ్యి తప్పు చెబుతున్నట్టుంది, ఇక చాలు' అన్నారు."

"తప్పు చెప్పలేదమ్మా! తప్పే చెప్పలేదు. పదకొండు గుర్తుల్లో ఒక్కటే మిగిలింది, మిగతావి ఎక్కడో నాకు కావాలి. ఇప్పుడే గోడలకు ఫొటోలు తీసి పంపిస్తాను, ఒక్కసారి చూసి చెప్పమనమ్మా."



"ఫొటోలు పంపి ఏం లాభమండీ, నాన్నకి చూపు పోయి నాలుగేళ్లయింది."