పదిహేడో భాగంలో మూడు తప్పులు

"పోటీ ఆపడం కుదరదు" అన్నాడు సెక్రటరీ. ఆ మాట అనడం అప్పటికి నాలుగోసారి.

ఆయన వాచీలు బాగుచేస్తాడు. దుకాణం మీది గదిలో ప్రతి ఆదివారం ఒక పాత డిటెక్టివ్ సీరియల్ అభిమానుల సంఘం కూడుతుంది. సంఘం అంటే మరీ పెద్దగా ఊహించుకోకండి. సెక్రటరీ, రిటైరైన లెక్కల మేష్టారు, బస్సు కండక్టరు, నెల క్రితం చేరిన టైలరమ్మ. ఒక టీవీ, నాలుగు కుర్చీలు. అందులో ఒకటి కుంటిది. అది కొత్తగా చేరినవాళ్ళకి.

సీరియల్ వచ్చి ముప్పై అయిదేళ్ళయింది. అందులోని ప్రతి తుపాకీ, ప్రతి టోపీ వీళ్ళకి కంఠతా వచ్చు. ఎక్కడ పొరపాటు దొర్లినా సెక్రటరీ వాచీలు చూసే భూతద్దం పెట్టి మరీ పట్టేస్తాడు. పట్టి, తప్పుల పుస్తకంలో నంబరు వేసి రాస్తాడు.

వచ్చే ఆదివారం వార్షికోత్సవం. హాలు మాట్లాడేశారు. పదిహేడో భాగంలో డిటెక్టివ్ పేల్చగానే దొంగ మెట్ల మీంచి దొర్లి పడతాడు. అచ్చం ఆ దొంగలా ఎవరు పడతారో పోటీ పెట్టారు. ఇరవై మంది పేర్లిచ్చారు కూడా.

టైలరమ్మ ఆ పోటీ వద్దంటోంది. కావాలంటే వేషాల పోటీ పెట్టుకోమంది. టోపీల పోటీ పెట్టుకోమంది, టోపీలన్నీ తనే కుట్టిపెడతానంది. ఆ ఒక్క సీను జోలికి మాత్రం పోవద్దంది. ఎందుకమ్మా అంటే చెప్పదు.

సెక్రటరీకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ సీను మీద ఆయన పదేళ్ళు కూర్చున్నాడు. మొత్తం సీరియల్లో అంత చెత్తగా తీసిన సీను ఇంకోటి లేదని, జనం పడీ పడీ నవ్వుతారని ఆయన నమ్మకం. పుస్తకం బల్ల మీద ధబీమని పడేసి, గొంతెత్తి చదవడం మొదలుపెట్టాడు.

నూట పన్నెండో తప్పు. డిటెక్టివ్ రివాల్వరు ఉత్త డమ్మీ. దాని పిడి మీద గోరంత బీట ఉంటుంది. పదహారు భాగాల్లో ఉన్న బీట ఈ సీనులో లేదు. సామాన్లు అందించేవాడు ఏ మత్తులో ఉన్నాడో, వేరేది తెచ్చి చేతిలో పెట్టాడు. పైగా పేలగానే డిటెక్టివ్ చెయ్యి జానెడు పైకి లేచింది. డమ్మీ తుపాకీకి అంత విసురెక్కడిదని, అది అతినటన అని మేష్టారు వెటకారం చేశాడు.

నూట పదమూడు. దొంగ కిందపడి, కళ్ళు తెరుచుకుని, నోరు కదిపి ఏదో అనబోయి ఆగిపోతాడు. డైలాగు మర్చిపోయాడన్నమాట. టైటిల్సులో పేరు కూడా లేని చిల్లర వేషగాడని, అలాంటివాడికి డైలాగు ఇచ్చినవాణ్ణి అనాలని కండక్టరు తీర్పు చెప్పాడు.

నూట పద్నాలుగు అన్నిటికంటే ఘోరం. కళ్ళెదుట పడి చచ్చినవాణ్ణి పట్టుకుని, పద్దెనిమిదో భాగంలో డిటెక్టివ్ తాపీగా "వాడు తప్పించుకున్నాడు" అంటాడు. ఆ దొంగ మళ్ళీ ఏ భాగంలోనూ కనబడడు. కథ రాసినవాడికి బుర్ర లేదు, తీసినవాడికి కళ్ళు లేవు.

టైలరమ్మ కుంటి కుర్చీలోంచి లేచింది.

"మూడు తప్పులూ ఒక్క సీను చుట్టూనే ఎందుకొచ్చాయో మీకెవరికీ తోచలేదా?" అంది. "మీరే కనిపెడతారని నెల రోజులు నోరు మూసుకుని కూర్చున్నాను. మీరా డిటెక్టివ్ అభిమానులు?"

మేష్టారి మొహం ఎర్రబడింది. ఈవిణ్ణి పక్కపేట సంఘంవాళ్ళే పంపారని ఆయనకి మొదటినుంచీ అనుమానం. పోయినేడు వాళ్ళ బొమ్మ తుపాకుల ప్రదర్శనకి పురుగు కూడా రాలేదు. ఆ కడుపుమంట తీర్చుకోడానికి ఈవిణ్ణి తోలారని మొహం మీదే అనేశాడు. ఎవరి మనిషివో చెప్పమని కండక్టరు టికెట్టు లేనివాణ్ణి నిలదీసినట్టు నిలదీశాడు.

సెక్రటరీకి మాటలతో పనిలేదు. రిమోట్ తీసి సీను పెట్టాడు. తుపాకీ పేలింది, దొంగ పడ్డాడు. వెనక్కి తిప్పాడు. మళ్ళీ పేలింది, మళ్ళీ పడ్డాడు. ఇలా బస్తా పడ్డట్టు పడడం కూడా ఒక నటనేనా అని ఆవిణ్ణే అడిగాడు. కండక్టరు లేచి, గుండె పట్టుకుని, నాలుక బయటపెట్టి నేలమీద దభాలున పడి చూపించాడు. ముగ్గురూ పగలబడి నవ్వారు.

టైలరమ్మ విసవిసా వెళ్ళి టీవీ ప్లగ్గు పీకి గిరాటేసింది.

నవ్వు ఆగిపోయింది. ఈ క్షణం నుంచి ఆవిణ్ణి సంఘంలోంచి తీసేస్తున్నానని సెక్రటరీ అరిచాడు. తీసేసుకోమంది. కానీ పోటీ జరగనివ్వనంది. హాలు గుమ్మానికి అడ్డంగా కూర్చుంటానంది.

"సరే. పోటీ ఆపేస్తాను" అన్నాడు సెక్రటరీ పళ్ళు నూరుతూ. "ఆ సీను గురించి మా ముగ్గురికీ తెలియనిది నీకొక్క ముక్క తెలిస్తే చెప్పు."

"ఆ డైలాగు తెలుసు."

పదేళ్ళుగా ఆ డైలాగు కోసం సెక్రటరీ వెతకని చోటు లేదు. కోపం కూడా మర్చిపోయి, పుస్తకం ముందుకు లాక్కుని, పెన్ను మూత తీశాడు.

"చెప్పమ్మా. వాడు మర్చిపోయింది ఏంటి?"

"'గురి తప్పింది దొరా' అని నవ్వుతూ లేచి పారిపోవాలండీ, వారం రోజులు మంచం మీంచి కిందికి దొర్లి, అదే మాట నాకు అప్పజెప్పి, నన్ను నవ్వించి లేచిన మా నాన్న, ఆ రోజు ఆ మెట్ల కింద నుంచి మాత్రం లేవలేదు."