రోజు విడిచి రోజు ఓ ఊరు

“బ్యాడ్‌లాండ్స్‌లో నాలుగు రాత్రులా? కుదరదంటే కుదరదు,” అంటూ ఆర్లిస్ వంటింటి బల్ల మీద పరిచిన మ్యాపులో పెన్సిలుతో అడ్డంగా కొట్టేసింది.

“ఆ రాతి కొండల ముందు కుర్చీ వేసుకుని కూచోవాలని నలభై ఏళ్లుగా అనుకుంటున్నానే,” అన్నాడు ఆమె భర్త వెండెల్.

“మూడు రాత్రులు కూచో, చాలు. మంగళవారం పొద్దున ర్యాపిడ్ సిటీలో నీకు డయాలసిస్. ఎగ్గొట్టావంటే నిన్ను ఆ కొండల్లోనే పాతిపెట్టి రావాలి.”

“మన ఊరి శ్మశానం అంతకంటే బావుంటుందా ఏం?”

ఆర్లిస్‌కు నవ్వు రాలేదు. ముసలాయన కిడ్నీలు రెండూ చేతులెత్తేశాయి. మంగళ, గురు, శనివారాల్లో యంత్రం రక్తం కడగాల్సిందే. వరసగా వారం పది రోజులు తప్పితే మనిషి దక్కడు. అలాంటివాణ్ణి పడకా, వంటిల్లూ ఉన్న ఆర్‌వీ బండిలో అయోవా నుంచి పసిఫిక్ సముద్రం దాకా తీసుకెళ్లడమంటే మాటలా? అడవిలో ఓ క్యాంపు, వెంటనే ఆస్పత్రి ఉన్న ఓ ఊరు. ఊరూరికీ ఫోన్లు చేసి చేసి ఆమె చెవి వాచిపోయింది.

“ఇది విహారమా, ఆస్పత్రుల తీర్థయాత్రా? మిస్సోలాలో ఆస్పత్రి వదిలేద్దాం. ఆ పక్కనే మంచి సరస్సు ఉంది,” అన్నాడు వెండెల్.

“వదిలెయ్. నన్నూ వదిలెయ్.” ఆర్లిస్ పెన్సిలు బల్లకేసి కొట్టింది. “నిన్ను బతికించుకోవాలని నేనిక్కడ చస్తుంటే, నీకు సరస్సులు కావాలి.”

వెండెల్ మ్యాపు ఆమె వైపు జరిపాడు. “సరే తల్లీ, నీ మాటే. ఒక్క ఊరు కూడా తప్పించను. ముందు ఆ సముద్రం చూడనీ,” అన్నాడు.

ఆమె కళ్లు తుడుచుకుని మిస్సోలా చుట్టూ గట్టిగా సున్నా చుట్టింది. వెళ్లే దారి అయిపోయింది. వచ్చే దారి తానే రాసిపెట్టానంటూ వెండెల్ చొక్కా జేబులోంచి మడత కాగితం తీసి ఇచ్చాడు.

పన్నెండు రాత్రులు, పన్నెండు క్యాంపులు. అన్నీ ఆమెకిష్టమైన సరస్సులూ, వేడినీటి ఊటలూ. ప్రతి పేరు పక్కనా ఒకే మాట రాసి ఉంది: ‘బండి రివర్స్ చెయ్యక్కర్లేదు. ఇటు నుంచి వెళ్లి అటు బయటికి రావచ్చు.’ ఆర్లిస్‌కు విసుగొచ్చింది. ఎంత ఇరుకు సందులోనైనా రివర్స్ చెయ్యడం వెండెల్‌కు ఎడమచేతి పని. చేతకానిది తనకే.

ఇంకోసారి పైనుంచి కిందికి చదివింది. “మతిగాని పోయిందా నీకు? పన్నెండు రోజుల్లో ఒక్క ఊరూ లేదు. డయాలసిస్ ఎక్కడ చేయించుకుంటావు?”

వెండెల్ ఆమె చేతిలోంచి పెన్సిలు తీసి బల్ల మీద పెట్టాడు.

“వచ్చేటప్పుడు నువ్వొక్కదానివేగా, ఆర్లిస్.”