నాలుగు వందల ఫోన్లు

సెల్ టవర్ రావాలంటే యాభై ఫోన్లు చాలని ఇంజనీరు చెబితే నారాయణ నాలుగు వందలు తెప్పించాడు.

"యాభై అడిగినోళ్లకు యాభై చూపిస్తే చాలు గదా," అంది భార్య ప్రమీలమ్మ. "మన కాలనీలోనే తొంభై ఉండాయి. ఆ ట్రాక్టర్లేంది, ఆ బిర్యానీ ఏంది?"

"నీకు తెల్దు. ముంపు సర్వే అప్పుడు ఉన్న చెట్లు ఉన్నట్టు చూపించినోడు ఏం బాగుపడినాడు? అడిగినదానికి ఎనిమిదింతలు చూపించాల. వాళ్లు సగం కొట్టేసినా మనకు మిగులుతాది."

గండికోట ప్రాజెక్టు నీళ్లు ఊళ్లోకి రాకముందు, పరిహారం లెక్క రాసే సర్వేవాళ్లు వస్తున్నారని తెలిసి, తెల్లారేసరికి పెరట్లో నూట ఇరవై చీనీ చెట్లు మొలిపించిన ఘనుడు నారాయణ. కొండాపురం పక్కన ఈ పునరావాస కాలనీకి వచ్చాక కూడా ఆ పాఠం మరిచిపోలేదు.

అయితే ఈసారి అవసరం నిజంగానే ఉంది. కూతురు చందనకు తొమ్మిదో నెల. తొలి కాన్పు పుట్టింట్లోనే జరగాలని ఆయన పట్టుదల. పులివెందుల నుంచి దిగిన వియ్యపురాలు హేమలత మాత్రం కాఫీ కూడా ముట్టకుండా మాట తేల్చేసింది. ఈ కాలనీలో నేల మీద సిగ్నల్‌కు మెసేజి దూరేంత సందే ఉంది, మాట దూరాలంటే నీళ్ల ట్యాంకు ఎక్కాలి. పక్కవీధి వనజమ్మ కోడలికి నొప్పులు మొదలైతే నూట ఎనిమిదికి ఫోన్ చేయడానికి ట్యాంకెక్కిన మనిషి, దిగి వచ్చేసరికి బిడ్డకు పేరు కూడా పెట్టేశారు. అలాంటి చోట కోడలిని ఉంచనంది. ఈ రోజు టవర్ మంజూరైతే సరే, కాకపోతే సాయంత్రం కారెక్కిస్తానంది.

మంజూరైతే వారంలోగా బండి మీద టవర్ తెచ్చి నిలబెడతామని కంపెనీ మాట. అందుకే నిన్న కాలనీ చూసిపోయిన ఇంజనీరు వివేక్ పొద్దున్నే మళ్లీ వచ్చి ట్యాంకు కింద ఒక మిషన్ పెట్టాడు. పదకొండు గంటల నుంచి పది నిమిషాల పాటు కాలనీలో సిగ్నల్ అందుకున్న ఫోన్లను అది లెక్కపెడుతుంది. యాభై దాటితే టవర్ వచ్చినట్టే.

పదిన్నరకు ట్రాక్టర్లు రావడం మొదలైంది. మైలవరం నుంచి రెండు, జమ్మలమడుగు నుంచి మూడు. మీటింగులకు జనాన్ని తోలిన అనుభవం ఉన్నవాళ్లే తోలుకొచ్చారు. ఫోనుకొక బిర్యానీ పొట్లం అని ఒప్పందం. ప్రొద్దుటూరులో సెల్లు రిపేరు అంగడి పెట్టుకున్న అబ్రార్ ఒక్కడే గంపలో నలభై ఫోన్లు తెచ్చి నలభై పొట్లాలు అడిగాడు. వాటిలో సగానికి నోరు లేదు, సగానికి చెవి లేదు.

వివేక్ ఆ జనాన్ని చూసి బిత్తరపోయాడు. "వీళ్లంతా ఎవురు మామా?"

"ఈడోళ్లే. నిన్న నువ్వొచ్చినప్పుడు చేలకాడ ఉన్న్యారు."

ఫోన్లు ఊరికే జేబులో పెట్టుకుని నిలబడితే చాలని, ఎవరూ ఏమీ నొక్కనక్కర్లేదని వివేక్ రెండుసార్లు చెప్పాడు. అంత సులభంగా వచ్చేది ఏదైనా నారాయణకు అనుమానమే. ట్యాంకు నిచ్చెన మూడో మెట్టెక్కి జనం వైపు తిరిగాడు.

"జేబులో పెట్టుకుంటే మనకు అక్కర లేదనుకుంటారు. పదకొండు కొట్టినంక అందరూ ఒక్కసారే ఫోన్ చేయాల. నంబరు లేనోళ్లు పక్కోడికి చేయండి. మనకెంత అగత్యమో మిషన్‌కు తెలిసిరావాల."

పదకొండు కొట్టింది. నాలుగు వందల వేళ్లు ఒక్కసారిగా నొక్కాయి. నాలుగు వందల "హలో"లు లేచి ట్యాంకుకు తగిలి వెనక్కి వచ్చాయి. ఒక్క ఫోనూ మోగలేదు. పక్కోడికి చేసినవాళ్లు ఓపిక పట్టలేక నోటితోనే మాట్లాడుకున్నారు.

పది నిమిషాలకు మిషన్ కీచుమంది. వివేక్ దాన్ని చూశాడు, ఒక దెబ్బ కొట్టి మళ్లీ చూశాడు.

"ఎన్ని?" అన్నాడు నారాయణ.

"సున్నా."

"సున్నా అంటే ఎన్నప్పా?"

"ఒగటి గూడా లేదు మామా. చిన్న దొడ్డివాకిట్లో నాలుగు వందల గొర్రెలు ఒక్కసారే దూరితే ఒక్కటన్నా బయటపడతాదా? మీ తొంభై మందీ కిమ్మనకుండా నిలబడింటే హాయిగా లెక్కకొచ్చేవోళ్లు."

నారాయణ ఇంకోసారి లెక్కపెట్టమన్నాడు. మిషన్‌ను వదిలిపెట్టి కళ్లతో చూడమన్నాడు. కానీ మిషన్‌కు కబురు పంపుకునే దారి వేరే ఉంది, లెక్క అప్పటికే పై ఆఫీసుకు చేరిపోయింది. జనం మాత్రం బిర్యానీకి బాగానే న్యాయం చేశారు.

సాయంత్రం హేమలత అన్నంత పనీ చేసింది. చందన కారు అద్దం దించి, "కాన్పయినంక ఫోన్ చేస్తాలే నాయనా, ట్యాంకు మీదుండు," అంది.

ఆ మాట పట్టుకుని నారాయణ ట్యాంకు మీదే చాప పరిచాడు. తొమ్మిదో రోజు పొద్దున పైనుంచి చూస్తే దుమ్ము రేపుకుంటూ కంపెనీ వ్యాను వస్తోంది. మెట్టు విడిచి మెట్టు దిగాడు. టవర్ వచ్చింది, టెంకాయ తెమ్మని ప్రమీలమ్మను కేకేశాడు. కూతుర్ని తీసుకొచ్చేందుకు పులివెందులకు బస్సు ఎన్నింటికో కూడా ఆ పరుగులోనే కనుక్కున్నాడు.

వ్యానులోంచి టవర్ దిగలేదు. అట్టపెట్టెలు దిగాయి, కుర్చీలు దిగాయి, వాటి వెనక సమీరా అనే చురుకైన అమ్మాయి దిగింది. ఆ సున్నా చూసి, ఈ కాలంలోనూ ఇలాంటి ఊరొకటి ఉందా అని కంపెనీ పెద్దలు శానా బాధపడ్డారట. టెంకాయ పట్టుకుని నిలబడ్డ నారాయణను ఆమె ముందు వరసలో కూర్చోబెట్టింది. టెంకాయ తీసి పక్కన పెట్టి, ఆయన అరచేతిలో నల్లటిదొకటి ఉంచి, వేళ్లు ఒక్కొక్కటిగా దానిమీదికి మడిచి, గట్టిగా, నిదానంగా చెప్పింది.

"భయపడొద్దు తాతా, కరవదు. దీన్ని ఫోను అంటారు."